అరచేతికి తెలియని వేడి

ఆ రోజు నేను చేయాల్సినవి: ఆరు ఫేస్ మసాజర్లకు బ్యాటరీలు మార్చాలి. రెండింటి సందుల్లో గడ్డకట్టిన జెల్ గీకాలి. హెడ్డాఫీసుకు నెల రిపోర్టు పంపాలి. అమ్మకు కంటి చుక్కలు కొనాలి. వీలైతే కాసేపు నిద్రపోవాలి.

మొదటి బ్యాటరీ బిగిస్తుండగానే ఆమె వచ్చింది. పార్లర్‌లో ఫేషియల్స్ చేసే అమ్మాయి. వారంలో ఇది మూడోసారి. కారుతున్న గొడుగును తెచ్చి నా సర్వీసు కౌంటర్ మీదే పెట్టింది.

“స్క్రూడ్రైవర్ గారూ, మెషిన్‌కి మళ్ళీ జలుబు చేసింది.”

“నిన్న బాగానే వేడెక్కిందండీ.”

“మీ దగ్గర బుద్ధిగానే ఉంటుంది. నా దగ్గరికొచ్చాకే ఈ వేషాలు.”

“దానికీ మీరంటే భయమేమో.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. స్టూలు లాక్కుని కూలబడింది.

“ఇద్దరు కస్టమర్లు చెంప చురుక్కుమందని గొడవ చేశారు. తప్పు మెషిన్‌దా, నాదా అని మీతో రాయించుకు రమ్మంది ఓనరమ్మ. మెషిన్‌దైతే కొత్తది కొంటుంది. నాదైతే రేపట్నుంచి రావద్దంది.”

ఆమె తెచ్చిన మసాజర్‌కి థర్మామీటర్ పెట్టి చూశాను. నలభై డిగ్రీలు. ఎంత ఉండాలో అంతే ఉంది.

అబద్ధం రాస్తే నా ఉద్యోగం పోతుంది, నిజం రాస్తే ఆమెది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఏ కాగితం మీదైనా రెండుసార్లు చదివాకే సంతకం పెట్టమని అమ్మ చెప్పి పంపిన ఉద్యోగం ఇది.

“మీరెలా వాడతారో ఒకసారి చూపించండి.”

“మీ మొహం మీదా?”

“ఇక్కడ ఇంకెవరి మొహం ఉంది?”

“అయితే ముందు కడుక్కురండి. ఈ జిడ్డు మీద జెల్ పట్టదు.”

కడుక్కొచ్చాను. జెల్ రాసింది. మెషిన్‌ని అరచేతికి ఆనించుకుని, “చూశారా, మంచుముక్క!” అంటూ వేడి చివరిదాకా పెంచింది. గడ్డం దగ్గర పెట్టి చెవివైపు జరిపిందో లేదో, నేను “అబ్బా!” అని లేచాను.

“మరీ అంత సుకుమారమా?”

“మీ చెయ్యి ఇలా ఇవ్వండి.”

“జాతకం చెప్తారా?”

ఆరేళ్లుగా వేడి టవల్స్ పిండిన అరచేయి. మందంగా, గట్టిగా ఉంది. అలాంటి చెయ్యి నాకు బాగా తెలుసు. మా అమ్మ ఇరవై ఏళ్లు లాండ్రీలో ఇస్త్రీ చేసింది. అమ్మ అరచేతికీ వేడి తెలియదు. అందుకే నా స్నానానికి నీళ్లు తోడేటప్పుడు మణికట్టు లోపలివైపు తడిపి చూసుకునేది.

మెషిన్‌ని ఈ అమ్మాయి మణికట్టుకు ఆనించాను.

“అమ్మో!” అని చెయ్యి లాక్కుంది. “అంటే... వాళ్ళని కాల్చింది నేనేనా?”

“తెలియక. ఇకమీదట ఇక్కడ చూసుకోండి, చాలు.”

సర్వీసు రిపోర్టులో రాశాను: ‘మెషిన్ బాగుంది. ఆమె పనీ బాగుంది. వేడి చూడాల్సింది అరచేత్తో కాదు, మణికట్టుతో.’ రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

ఆమె వేడి తగ్గించి, మణికట్టు మీద చూసుకుంది.

“కూర్చోండి. సగం మొహంతో వదిలేస్తే బాగోదు.”

ఈసారి చెంప మీద వెచ్చగా, మెత్తగా జరిగింది. ఎన్ని రోజుల అలసటో, కుర్చీలోనే నిద్రపట్టేసింది.

లేచేసరికి వాన లేదు, ఆమె కూడా లేదు. ఐదు బ్యాటరీలు అలాగే ఉన్నాయి. నా కాపీలో ‘కస్టమర్ అభిప్రాయం’ గడిలో ఇలా ఉంది: ‘రిపేరు చేసేవారు గురక పెడతారు. అయినా నచ్చారు. గ్యారంటీ ఎన్నేళ్లు?’

సాయంత్రం పార్లర్ మెట్ల దగ్గర నిలబడి జవాబు చెప్పాను.

“నేనున్నన్నాళ్లు.”

“ఓనరమ్మ ఉండమంది. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి సారీ చెప్పాను,” అంది. తర్వాత మెల్లగా, “గురక సంగతేంటి?” అంది.

“దానికి గ్యారంటీ లేదు.”

ఈసారి నవ్వింది.

ఆదివారం మా ఇంటికొచ్చింది. అమ్మ ఆమె అరచేతిని తన చేతుల్లోకి తీసుకుని నిమిరింది.

“నీకూ ఏమీ తెలియట్లేదా తల్లీ?”

“ఇది తెలుస్తోంది అత్తయ్యా.”

ఏమందో మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. ఆమె తల దించుకుంది. అమ్మ మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.

పొద్దున్నే అద్దం ముందు మొహానికి వెచ్చటి మసాజ్ చేసుకునేవాళ్లు మీలో ఉండే ఉంటారు. మొహాన పెట్టేముందు మెషిన్‌ని ఒక్కసారి మణికట్టుకు ఆనించి చూసుకోండి. అప్పుడు మా అమ్మని తలుచుకోండి.