వద్దన్నవాళ్ల జాబితా

"అమ్మకు ప్రేమతో వాషింగ్ మెషీనా? ప్రేమ కొడుకుది, చాకిరీ అమ్మదా?"

ప్రకటనల ఆఫీసులో కొత్తగా చేరిన రచయిత్రి తొలిరోజే డిజైనర్ మీద పడింది. బల్ల నిండా ఒక దుకాణం వాళ్ల పాత మదర్స్ డే ప్రకటనలు పరిచి ఉన్నాయి. మొదట్లో అమ్మ గరిటె పట్టుకుని నవ్వేది. తర్వాత మిక్సీ పక్కన, ఆపైన వాషింగ్ మెషీన్ పక్కన అదే నవ్వు. నిరుడు మాత్రం బూట్లు వేసుకుని పరుగెత్తింది.

"చూశారా, అమ్మ ఎంత మారిందో!" అన్నాడతను.

"మారింది సరుకండీ. అమ్మ చేత ఇంకా నవ్విస్తూనే ఉన్నారు."

అతనికి ఆ నోరు నచ్చింది. ఆ కళ్లు ఇంకాస్త నచ్చాయి.

ఈసారి దుకాణం ఖాతాదారుల ఫోన్లకు పంపే సందేశం చివర ఆమె ఒక మాట చేర్చింది: 'అమ్మ గురించిన ప్రకటనలు ఈ నెల మీకు కష్టంగా ఉంటే ఇక్కడ నొక్కండి. పంపము.' మేనేజరు నసిగి నసిగి ఒప్పుకున్నాడు.

వద్దన్నవాళ్ల జాబితా మర్నాడే వచ్చింది. అందులో డిజైనర్ పేరు!

ఆ రోజు నుంచి ఆమె అతన్ని ఆటపట్టించడం మానేసింది. టీ వస్తే ముందు అతనికి అందించేది. ఎందుకో అర్థం కాకపోయినా అతను గాల్లో తేలిపోయాడు. వారం గడిచాక, కిటికీలోంచి వాన చూస్తూ ఆమే అంది.

"జాబితాలో మీ పేరు చూశాను. మా అమ్మ పోయి ఏడాదైంది. అమ్మ పోయిన వారానికే ఏడు దుకాణాలవాళ్లు 'అమ్మకేం కొంటున్నారు?' అని అడిగారు. ఈ ఆదివారం ఒంటరిగా ఉండలేను. మనిద్దరం అమ్మలు లేనివాళ్లమే కదా... ఎక్కడికైనా వెళ్దామా?"

ఊఁ అంటే చాలు. ఆదివారం అతనిదే.

"మా అమ్మ ఉందండీ," అన్నాడు. "ప్రకటన చూసినప్పుడల్లా ఏదో ఒకటి కొనుక్కెళ్తాను. 'ఇంకో మెషీన్ తెచ్చావో, నిన్నే అందులో వేసి తిప్పుతా' అంది. అందుకే నొక్కాను."

ఆమె ముఖం పాలిపోయింది. గొడుగైనా తీసుకోకుండా వెళ్లిపోయింది.

ఇంట్లో సంగతంతా విన్న తల్లి, "ఫోను ఇలా తే," అంది.

"అమ్మాయ్, వీడు చంపేసిన తల్లిని మాట్లాడుతున్నా. బతికే ఉన్నాను. వీణ్ణి తిట్టడానికి నేనొక్కదాన్నీ చాలడం లేదు. ఆదివారం రా తల్లీ."

ఆమె వచ్చింది. అతని వైపు చూడనైనా చూడలేదు. తల్లి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ అమ్మ నిన్నేమని పిలిచేదే?" అని అడిగింది.

ఏడాదిగా ఎవరూ అడగని ప్రశ్న. ఆమె ఏడ్చింది. తర్వాత చెప్పింది. మధ్యాహ్నమంతా చెబుతూనే ఉంది. అతను వంటింటి గుమ్మంలో గిన్నెలు తుడుస్తూ విన్నాడు.

సాయంత్రం బస్ స్టాపు దాకా వెంట నడిచాడు.

"కోపం పోయిందా?"

"లేదు."

"నాకు మాత్రం మీరంటే మొదటి రోజు నుంచీ ఇష్టం."

"తెలుసు. ఊఁ అంటే సరిపోయే చోట నిజం చెప్పారుగా."

"మరి ఆ కోపం ఎప్పుడు పోతుంది?"

బస్సు వచ్చింది. మెట్టెక్కి, ఆమె వెనక్కి తిరిగింది.

"అది నేనూ అత్తయ్యా మాట్లాడుకుని చెప్తాం."

బస్సు మలుపు తిరిగాక గానీ అతనికి వెలగలేదు, ఆమె ఎవర్ని అత్తయ్యందో.