మూత మీది వేలిగుర్తు

"దేవుని కంటే ముందు నువ్వు తింటివా అంజనమ్మా!... ఎంత తెగింపే నీకు!"

గిడ్డమ్మ కేకకు మగ్గం గుంటలో కూర్చున్న దేవేంద్రప్ప చేతిలో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆగిపోయింది. పరుగున పెరట్లోకి వచ్చి చూశాడు. దాలి గుంత ముందు తల్లి నిలబడి ఉంది. ఎదురుగా భార్య తల వంచుకొని ఉంది. ఆమె చేతులకు తడిమట్టి!

కోడుమూరులో ఆ ఏడు వానల్లేవు. దానికి తోడు ఊరూరా విషజ్వరం. మూడు నెలల కిందట గిడ్డమ్మ ఆ జ్వరంతోనే పదకొండు రోజులు కన్ను తెరవలేదు. ఆమె భర్త రామలింగప్ప అహోబిలం స్వామికి మొక్కుకున్నాడు... మనిషి దక్కితే ఏడాది పాటు ఇంట్లో నీచు ముట్టమని, శనివారం శనివారం కొర్రల పులగం నైవేద్యం పెడతామని. స్వామి దయ తలిచాడు. గిడ్డమ్మ లేచింది. రోజువారీ వంటంతా కోడలికి వదిలినా, ఆ శనివారం పులగం మాత్రం తన చేత్తోనే చేస్తానని పట్టుబట్టింది.

కొర్రలు, పెసరపప్పు, సొరకాయ ముక్కలు, ఉప్పు, అన్నీ కొత్త కుండలో పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, దాలి గుంతలో దించుతుంది. పిడకలూ ఊకా పొగ రేగకుండా పొద్దంతా కనకనలాడుతుంటే, ఇంటిల్లిపాదీ మగ్గం పనిలో ఉండగా కుండ తనంతట తానే ఉడుకుతుంది. దీపాల వేళ స్వామి ముందు పెట్టేదాకా ఆ మూత తీయకూడదు, రుచి చూడకూడదు. అందుకే మట్టి మీద గిడ్డమ్మ బొటనవేలు ఒత్తుతుంది. ఆ వేలికి చిన్ననాటి కొడవలి గాటు... మట్టి మీద అడ్డంగా గీత పడుతుంది. ఈ పొద్దు ఆ గీత లేదు!

"చెప్పవేమే? మూత తీసింది నువ్వు కాదా?"

"నేనే అత్తా... కానీ మెతుకు నోట్లో పెట్టలేదు. స్వామి సాక్షి!"

"తినకపోతే ఎందుకు తీసినావు? కుండలో మొగుణ్ణి దాచినావా?"

దేవేంద్రప్ప బతిమాలుతున్నట్లు భార్య వైపు చూశాడు. "చెప్పు అంజీ... కారణం ఏదైనా చెప్పు."

అంజనమ్మ కళ్లలోంచి నీళ్లు జారి మట్టిచేతుల మీద పడ్డాయి.

కరువు రోజుల్లో కుండెడు పులగం ఆవు కుడితిలో కలిసింది. ఆ రాత్రి ఇంట్లో అందరూ పస్తే. "వచ్చే శనివారం మొక్కు కానిచ్చి, ఆదివారం మీ అన్నను పిలిపిస్తా. దేవుని కుండ మీద చెయ్యేసిన పిల్ల నా ఇంట్లో వద్దు!" అని గిడ్డమ్మ తేల్చి చెప్పింది.

ఆ వారం అంజనమ్మ రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతూనే ఉంది. ఒక్క మాట చెబితే తాను గట్టెక్కుతుంది. ఆ మాటతో అత్త తల ఎక్కడ పెట్టుకుంటుంది? చచ్చి బతికిన మనిషి... మిగిలిన ఆ ఒక్క కుండనూ ఆమె చేతిలోంచి లాక్కోవడమేనా?... స్వామీ! నీ మూత తీయడం పెద్ద తప్పా, ఆమె మనసు విరవడం పెద్ద తప్పా?

శనివారం వచ్చింది. గిడ్డమ్మ పొద్దుటి నుంచి దాలి పక్కనే ముక్కాలిపీట వేసుకొని కాపలా కూర్చుంది. దీపాల వేళకు తన వేలిగుర్తు చెక్కుచెదరకుండా ఉండటం అందరికీ చూపించి, మట్టి పగలగొట్టింది. హారతి ఇచ్చాక విస్తళ్లలో వడ్డించింది.

రామలింగప్ప ఒక ముద్ద నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. దేవేంద్రప్ప ముద్ద దిగక నీళ్ల చెంబెత్తాడు. అంజనమ్మ తల ఎత్తకుండా ముద్ద తర్వాత ముద్ద మింగుతూనే ఉంది. చెంబు ఒకసారి తిరిగింది... రెండుసార్లు తిరిగింది... నాలుగోసారికి గిడ్డమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఏమప్పా, అందరూ నీళ్లే తాగుతాండారు? పులగం బాగలేదా?"

"ప్రసాదానికి వంకేముంది గిడ్డా..."

"శానా బాగుండాది అత్తా," అంది అంజనమ్మ. ఆమె కళ్లలో నీళ్లు!

"నా మీద ఒట్టు. చెప్పండి!"

రామలింగప్ప చేతిలో ముద్ద విస్తట్లో పెట్టాడు. "ఉప్పు కషాయం మాదిరి ఉండాది గిడ్డా. నువ్వు లేచినాక మొదటి శనివారమూ ఇట్లే ఉండె. ప్రసాదమని గమ్మున తింటిమి. ఆ మీదట బాగైంది. నీ చెయ్యి కుదురుకుందనుకుంటిని..."

గిడ్డమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఏం కలిపినావే కుండలో?"

"నీళ్లు పోసి, రెండు గుప్పెళ్లు చప్పటి కొర్రలు వేస్తాంటి అత్తా. నీ చెయ్యి చూసినా... గుప్పెడు ఉప్పు వేసే చోట రెండు వేస్తాంటివి. ప్రతిసారీ మళ్లీ మట్టి మెత్తి పుల్లతో నీ గీత గీస్తాంటి, ఆ పొద్దు గీసేలోపే నువ్వొచ్చినావు."

"ఈ కరువులో కొర్రలు యాడివి?"

దేవేంద్రప్ప భార్య వైపు చూస్తూ అన్నాడు. "దాని వంతువి అమ్మా. శుక్రవారం శుక్రవారం ఆకలి లేదని పడుకుంటాంటే, నిజమే అనుకుంటి."

గిడ్డమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకొని బావురుమంది. "నాకేమీ తెల్డంలేదు తల్లీ!... ఆ జ్వరం పోతా పోతా నా నాలుకను ఎత్తుకపోయింది. వాసనా లేదు, రుచీ లేదు. మన్ను తిన్నట్లుండాది! చెబితే పొయ్యి కాడికి రానియ్యరని, దండగ మనిషిననుకుంటారని భయపడి..."

అంజనమ్మ విస్తరి వదిలి వచ్చి అత్తను ఒళ్లోకి తీసుకుంది.

"అన్ని మాటలంటిని కదే! ఒక్క మాట నోరు తెరవకపోతివే!"

"చెప్పుంటే, ఈ పాపిష్టిది కుండ కూడా లాక్కుందని నువ్వే తిడుతాంటివి," అంది అంజనమ్మ ఏడుస్తూనే. గిడ్డమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆదివారం ఎవరి అన్నకూ కబురు పోలేదు.

మరుసటి శనివారం ఉప్పు కోడలు వేసింది, మూతకు మట్టి అత్త మెత్తింది. అలవాటు చొప్పున బొటనవేలు చాచి, గిడ్డమ్మ ఆగిపోయింది. తడిచేత్తో మట్టిని నున్నగా పామి, "గుర్తెందుకులే," అని లేచింది.

దీపాల వేళ ఇద్దరూ ఒకే విస్తరి ముందు కూర్చున్నారు. గిడ్డమ్మ ముద్ద నోట్లో పెట్టుకొని కోడలి ముఖంలోకి చూసింది.

"ఎట్లుండాదో చెప్పు."

"సొరకాయ వెన్న మాదిరి కరిగింది అత్తా. పెసరపప్పు కమ్మగా ఉండాది. అడుగున కొంచెం మాడు... దాలి పొగ వాసన. ఉప్పు, నువ్వు జ్వరానికి మునుపు వేస్తాంటివి చూడు... అంతే."

గిడ్డమ్మ కళ్లు మూసుకొని, నెమ్మదిగా, చాలాసేపు నమిలింది.

"అంతేనే," అంది. "అట్లే ఉండాది."