చివర్లో ఎవరూ పోరు కదా?

ఆ శనివారం కరుణాకర్ చెయ్యాల్సిన పనులు ఇవి. వాన దిగకముందే ఆరుబయట పేర్చిన మిర్చి బస్తాల మీద పట్టాలు కప్పించాలి. లారీకి లోడు ఎత్తించాలి. కాటా బాగుచేసే మనిషికి మళ్ళీ ఫోన్ చెయ్యాలి. నాన్నకు బీపీ బిళ్ళలు కొనాలి. చెల్లెలి హాల్‌టికెట్టు ప్రింటు తీయించాలి. ఫోన్లో మధ్యలో ఆపిన సినిమా చివరి అరగంట చూడాలి.

అన్నీ చేశాడు, ఆఖరిది తప్ప.

వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతను. ఒప్పుకున్న పని మిగిలిపోతే అన్నం సహించని మనిషి. కానీ సినిమా చూడటం కూడా ఒక పనేనా అనుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు.

ఇది తెలియాలంటే, సత్తెనపల్లి దాటాక రోడ్డు పక్కనుండే కోల్డ్ స్టోరేజీలో అతను సూపర్‌వైజరుగా చేరిన మొదటి రోజు సంగతి చెప్పాలి.

ఆ షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తారు. మూతికి, ముక్కుకి గుడ్డ కట్టుకున్నా ఘాటు ఆగదు. కళ్ళు మండుతాయి, చేతులు ఇంటికెళ్ళాక కూడా మండుతాయి. ఆ మంట మరిచిపోవడానికి వాళ్ళకొక అలవాటుంది. వరసలో ఒకరు కథ చెబుతారు. మొన్న విడుదలైన సినిమా, ఫోన్లో వచ్చిన సిరీసు, ఏదైనా సరే. మిగతావాళ్ళు వింటూ తొడిమలు తీస్తారు. కథ ఆగితే చేతులూ ఆగుతాయి. అందుకని ఓనరు కూడా ఆ కథకు అడ్డం రాడు.

కరుణాకర్ వచ్చాడు.

"అప్పుడా పిల్ల ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచింది" అని ఓ అమ్మాయి చెబుతోంది. "అతని చెయ్యి పట్టుకుంది. డాక్టరు ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. ఇద్దరూ చీరాల పోయి సముద్రంలో కాళ్ళు తడుపుకున్నారు. అయిపోయింది."

"అదేంటండీ! ఆ అమ్మాయి కళ్ళు తెరవదుగా. చచ్చిపోద్ది. నిన్ననేగా నేను చూసింది!" అన్నాడు కరుణాకర్.

షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి తలెత్తింది. ముఖానికి చుట్టుకున్న చున్నీ పైన కళ్ళు మాత్రమే కనబడ్డాయి. అవి ఘాటుకి ఎర్రబడ్డాయో కోపానికో అతనికి తెలియలేదు.

"కొత్త సూపర్‌వైజరు గారా?"

"అవునండీ."

"మిమ్మల్ని మిరపకాయలు చూడ్డానికి పెట్టారా, సినిమాలు చూడ్డానికా?"

అందరూ గొల్లుమన్నారు. వరస చివర కూర్చున్న పెద్దామె మౌలాబీ మాత్రం నవ్వలేదు. "ఇదిగో బాబూ, మా మహిమ కథలో ఎవరూ చావరు. నీకు చావు కావాలంటే ఆ పక్క షెడ్డుకి పోయి చెప్పుకో."

సాయంత్రం గేటు దగ్గర మౌలాబీయే అతన్ని ఆపి సంగతి చెప్పింది. ఆ వరసలో కథలు చెప్పే చోటు మహిమది కాదు, వాళ్ళమ్మ రెబ్కాది. రెబ్కా కథ చెబితే ఉన్నది ఉన్నట్టు చెప్పేది, షెడ్డంతా ఏడ్చేది. ఇప్పుడామెకు కడుపులో క్యాన్సరు. గుంటూరులో చూపించారు, మందులిచ్చి ఇంటికి పంపేశారు. బీకాం పాసై బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్న మహిమ పుస్తకాలు మూసేసి తల్లి చోట్లో కూర్చుంది.

"తల్లి ముందర చావు మాట ఎత్తనీదయ్యా. టీవీలో పాడె కనబడితే చానెల్ మార్చేసిద్ది. కథల్లో కూడా అందర్నీ బతికిస్తది. నువ్వేమో మొదటిరోజే చంపావు" అంది మౌలాబీ.

మర్నాడు కరుణాకర్ క్షమించమని అడిగాడు. మహిమ చూడనట్టే ఊరుకుంది. వారం తిరక్కుండానే తనే పలకరించింది.

"మీ వాట్సాప్ స్టేటస్‌లో చూశాను. ఆ సిరీసుకి ఐదుకి రెండున్నరేనా? పాపం హీరో అంత కష్టపడితే!"

"కష్టానికి ఇవ్వడానికి అదేమన్నా కూలీనాండీ? రేటింగు."

"మిరపకాయలకి కూడా ఇస్తారా?"

"ఈ బస్తాకి మూడు. రంగు పోయిన తాలు కాయ ఎక్కువుంది."

"నా కథలకి?"

"కథకి నాలుగు. క్లైమాక్సుకి సున్నా."

ఆమె చేతిలో ఉన్న తొడిమల గుప్పెడు అతని చొక్కా మీదికి విసిరింది. ఆ రోజంతా అతనికి మెడ దగ్గర మండుతూనే ఉంది. తుడుచుకోవాలనిపించలేదు.

అక్కణ్ణుంచి రోజూ అదే మాట. ఏది బాగుంది, ఏది సాగదీశాడు, ఏది ఇంటిల్లిపాదీ చూడొచ్చు. అతను ఏ సినిమా పేరు చెప్పినా చివరికి ఆమె ఒక్కటే అడిగేది. "చివర్లో ఎవరూ పోరు కదా?" పోతారంటే, "అయితే వద్దు" అనేది. అంతకుమించి కారణం చెప్పేది కాదు. అతనూ అడిగేవాడు కాదు.

ఇక ఆ శనివారం. పొద్దున పదింటికే చీకటి కమ్మినట్టు మబ్బు పట్టి మధ్యాహ్నానికి వాన అందుకుంది. షెడ్డు చూరు కింద నిలబడి మహిమ అంది, "రేపు నేను గుడిలో ప్రార్థనకి పోయొచ్చాక అమ్మ సినిమా చూస్తానంది. తనంతట తను అడిగి ఎన్నాళ్ళయిందో. నవ్వొచ్చేది చెప్పండి."

కరుణాకర్ ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర చూస్తున్న సినిమా పేరు 'కిటికీ పక్కన గౌరమ్మ'. ఊరు దాటి ఎరగని తల్లిని కొడుకు బస్సుల్లో తిప్పుతుంటాడు. ఆమె కండక్టర్లతో పెట్టుకునే తగువులకి అతను అన్నం మెతుకులు కక్కేలా నవ్వాడు. లారీ వచ్చేసరికి ఆపేశాడు.

"గౌరమ్మ చూడండి. నాలుగున్నర."

"చివర్లో ఎవరూ పోరు కదా?"

చూరు నుంచి కారే నీళ్ళు ఆమె మోచేతి మీద పడుతున్నాయి. చున్నీ కిందికి జారింది. ఆమె ముఖం మొత్తం అతను చూడటం అదే మొదటిసారి. ఆ ముఖం వంక చూస్తూ, ఇంకా అరగంట చూడలేదండీ అనే చిన్న మాట అతని నోటికి రాలేదు.

"పోరండీ. హాయిగా నవ్వుకుంటూ చూడొచ్చు."

ఇంటికెళ్ళాక చూద్దాం, తేడా ఉంటే ఫోన్ చేద్దాం అనుకున్నాడు. బిళ్ళల కోసం రెండు మందుల షాపులు తిరిగాడు. హాల్‌టికెట్టు ప్రింటు దగ్గర కరెంటు పోయి ఆలస్యమైంది. ఇంటికొచ్చి తడిబట్టలు మార్చుకుని నడుం వాల్చాడు. అంతే, పొద్దున కోడి కూసేదాకా తెలియదు. ఆదివారం పొలంలో పత్తికి నిలబడ్డ నీళ్ళు తీసే పనిలో సినిమా సంగతే మరిచాడు.

సోమవారం మహిమ రాలేదు. మంగళవారం వచ్చి నేరుగా అతని టేబుల్ దగ్గరికి నడిచింది.

"మీరా సినిమా చివరిదాకా చూశారా?"

"లేదండీ."

"గౌరమ్మ చచ్చిపోద్ది. బస్సులో, కిటికీ పక్కనే. కొడుకు పల్లీలు కొనుక్కొచ్చేలోపు. మా అమ్మ పక్కన కూర్చుని చూశాను నేను. రిమోట్ ఎక్కడ పెట్టానో కనబడలేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది."

"మహిమగారూ, నేను..."

"తెలియదని చెబితే మీ సొమ్మేం పోయింది? నేనేమన్నా రేటింగు అడిగానా మిమ్మల్ని?"

ఆమె వెళ్ళి తల్లి చోట్లో కూర్చుంది. ఆ రోజు కథ చెప్పలేదు. వరసలో చేతులు మాటిమాటికీ ఆగాయి. ఇంటికెళ్ళి కరుణాకర్ ఆ చివరి అరగంట చూశాడు. చూసి, ఫోన్ బోర్లా పెట్టాడు. ఆ తర్వాత అతని స్టేటస్‌లో రేటింగులు రాలేదు.

వానలు తగ్గని ఆ రోజుల్లోనే ఓ శనివారం మౌలాబీ అతని దగ్గరికొచ్చింది. "రెబ్కా నిన్ను రేపు ఇంటికి రమ్మంది."

"నన్నా? ఎందుకు?"

"ఏమో. తిట్టడానికేమో. తిడితే తిట్లు తిని రా. దానికి ఓపిక లేదు, ఎక్కువ తిట్టలేదులే."

పేటలో చర్చి వెనక సందులో రేకుల ఇల్లు. తలుపు తీసింది మహిమే. "మీరెందుకొచ్చారు?"

"నేనే రమ్మన్నాలే. రానియ్" అని లోపల్నుంచి సన్నని గొంతు వినబడింది.

మంచం మీద రెబ్కా దుప్పట్లో దుప్పటిలా ఉంది. వేళ్ళు మాత్రం మిరప పనిలో ముదిరిన వేళ్ళు. ఆ వేలితోనే కుర్చీ చూపించింది.

"నువ్వేనా, ఎవరూ పోరని చెప్పిన అబ్బాయివి?"

"నేనేనమ్మా."

"చూసే చెప్పావా?"

"చూడకుండా చెప్పాను. చివరి అరగంట చూడలేదు. మీ అమ్మాయి అడిగితే ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. తప్పు నాదేనమ్మా."

"ఎందుకు చెప్పబుద్ధి కాలేదు?"

కరుణాకర్ నేల చూశాడు. మహిమ గోడ గడియారం చూసింది. రెబ్కా నవ్వబోయి, కడుపు పట్టుకుని ఆగింది. "సరే, అర్థమైంది. ఆ గౌరమ్మ కొడుక్కి చివర్లో ఏం చెప్పింది?"

"బీరువా తాళం బియ్యం డబ్బాలో ఉందని. తను లేకపోయినా కిటికీ పక్కనే కూర్చోమని."

"అదీ. ఆమె చెప్పుకుంటే వినడానికి కొడుకు పక్కన కూర్చున్నాడు. నేను నోరు తెరిస్తే మా పిల్ల పాలు పొంగుతున్నాయని లేచిపోద్ది. పొయ్యి మీద పాలుండవయ్యా."

"అమ్మా!"

"ఉండవే. అబ్బాయ్, ఆ సినిమా మళ్ళీ పెట్టు. ముగ్గురం చూద్దాం."

ఫోన్‌ని టీవీకి కలిపి పెట్టాడు. రేకుల మీద వాన హోరు. కండక్టరు తగువు దగ్గర రెబ్కా నవ్వింది, మహిమ నవ్వలేదు. గౌరమ్మ ఆఖరి బస్సు ఎక్కేసరికి మహిమ లేచి నిలబడింది. "పాలు..."

"మీరు కూర్చోండి" అన్నాడు కరుణాకర్ మెల్లగా. "పాలు నేను చూసొస్తాను."

వెనక వంటగదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ ఖాళీ పొయ్యినే చూస్తూ నిలబడ్డాడు. సినిమా శబ్దం మీదుగా రెబ్కా మాటలు తెగుతూ తెగుతూ వచ్చాయి. తెల్లచీర పెట్టె అడుగున ఉంది. ఏ పాట పాడాలో పాస్టరుగారికి చెప్పాను. నాకు భయంగానే ఉందే, లేదనుకోబాక. నువ్వు నా చోట్లో కూర్చోబాక, పరీక్ష రాయి. ఆ తర్వాత మహిమ ఏడుపు. ఎన్నాళ్ళుగానో ఆపుకున్న ఏడుపు. కరుణాకర్ కళ్ళు తుడుచుకున్నాడు. చేతులకు కారం లేదు, అయినా మండాయి.

ముందు గదిలోకి వచ్చేసరికి సినిమా అయిపోయింది. మహిమ తల్లి చేతిలో ముఖం దాచుకుని ఉంది.

"పాలు పొంగాయా?" అంది రెబ్కా.

"లేదమ్మా. పొయ్యి చల్లగా ఉంది."

మహిమ ఏడుపులోనే నవ్వింది. అతను వెళ్ళబోతుంటే రెబ్కా ఆపింది. "అందరికీ మార్కులేస్తావంటగా. నీకు నేను మూడున్నర ఇస్తన్నా. అబద్ధం చెప్పావు. అడగ్గానే ఒప్పుకున్నావు."

"మిగతా ఒకటిన్నర అమ్మా?"

"అది నేనిచ్చేది కాదు" అని రెబ్కా కూతురి జుట్టు నిమిరింది.

కొత్త పంట కల్లాలకు రాకముందే రెబ్కా పోయింది. తెల్లచీర కట్టారు. ఆమె చెప్పిన పాటే పాడారు. పత్తి చేల పక్కన సమాధుల దొడ్లో షెడ్డు వరసంతా వచ్చి తలో పిడికెడు మట్టి వేసింది. కరుణాకర్ దూరంగా నిలబడ్డాడు. మహిమ ఒకసారి వెనక్కి తిరిగి, అతను ఉన్నాడో లేడో చూసుకుంది.

మహిమ మళ్ళీ షెడ్డుకు వచ్చింది పనికి కాదు, పుస్తకాలు తెరిచానని అందరికీ చెప్పి వెళ్ళడానికి. మౌలాబీ చెయ్యి పట్టుకుని లాగింది. "ఒక్క కథ చెప్పి పోవే."

మహిమ తల్లి చోట్లో కూర్చుని గౌరమ్మ కథ చెప్పింది. తగువులు చెప్పింది, నవ్వించింది. ఆఖరి బస్సు వచ్చింది. అందరూ ఆమె ఏ సముద్రానికి మళ్ళిస్తుందో అని చూశారు. ఆమె మళ్ళించలేదు. పల్లీల పొట్లంతో కొడుకు వచ్చేసరికి కిటికీ పక్కన గౌరమ్మ తల వాల్చి ఉంది అని చెప్పింది. ఘాటు వంకతో అందరూ కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు.

"మీ అమ్మ చెప్పినట్టే చెప్పావే" అంది మౌలాబీ.

గేటు దగ్గర కరుణాకర్ నిలబడి ఉన్నాడు. మళ్ళీ సన్నగా చినుకులు.

"క్లైమాక్సుకి ఎంతిస్తారు?" అంది మహిమ.

ఇక మార్కులు వెయ్యనన్నట్టు అతను తల అడ్డంగా ఊపాడు.

"కొత్తగా ఏమన్నా చూశారా?"

"ఒకటి చూశాను. చివరిదాకా."

"చివర్లో ఎవరైనా పోతారా?"

"పోతారండీ."

ఆమె చున్నీ తల మీదికి లాక్కుంది. "ఆదివారం గుడి అయ్యాక రండి. ఒక్కదాన్నే చూడలేను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అమ్మ ఇచ్చిన మూడున్నర మీద ఒక అర. మిగతా ఒకటీ తొందరేం లేదు."

ఈ కథ చదివినవారికి ఒక విన్నపం. మీరెప్పుడైనా ఎవరికైనా ఒక సినిమా చూడమని చెబితే, అది చివరిదాకా చూసి చెప్పండి. చూడకపోతే చూడలేదని చెప్పండి. చెప్పే ముందు ఒక్క క్షణం, మిరప ఘాటులో కూర్చుని ఏ కథనైనా ఉన్నది ఉన్నట్టు చెప్పిన రెబ్కాను తలుచుకోండి.