జ్ఞానయ్య పేరుతో తాళం

సోమవారం ప్రేమ్ శవం ఓడరేవులో తేలింది. బుధవారం అతని పార్టనర్ స్టాన్లీని మహారాష్ట్రలోని బల్లార్‌పూర్ స్టేషన్ బయట కారు గుద్దింది. ప్రాణం ఉంది, స్పృహ లేదు. కారుకి నంబర్ ప్లేటూ లేదు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఏజెంట్ మొగిలి ఫోన్ మోగింది. అవతల చీఫ్ ప్రేమలత.

"సిండికేట్ పేరు గ్రే ఫిన్. విదేశీ ఓడలు. డాల్ఫిన్లను వేటాడి, ముక్కలు కోసి, సొరచేపలకు ఎర వేస్తున్నారు. ప్రేమ్, స్టాన్లీ కూలీల వేషంలో ఆరు నెలలు ఆ ఓడలో ఉండి డాక్యుమెంటరీ తీశారు. నాలుగింటికి అంతర్జాతీయ కమిటీ హియరింగ్. వీడియో లింకులో సినిమా ఆడితే వాళ్ల లైసెన్సు రద్దు. ఆడకపోతే ఇంకో పదేళ్లు వేటే."

"కాపీలు?"

"ఒక్కటే. ఘుగ్గుస్‌లో స్టాన్లీ తల్లి సరోజమ్మ దగ్గరుంది. తెచ్చి చంద్రాపూర్ సేఫ్ హౌస్‌లో దివ్యకి ఇవ్వు. మన కంప్యూటర్ ఎక్స్‌పర్ట్. రాజురా అమ్మాయి, అక్కడే మరాఠీ బళ్లో చదివింది."

మొగిలి బొగ్గు లారీ క్లీనర్ వేషం కట్టాడు. మేకప్ ఖర్చు లేదు. ఘుగ్గుస్ బొగ్గు దుమ్ములో పది నిమిషాలు నిలబడితే ఎవరైనా క్లీనరే.

గని క్వార్టర్లో సరోజమ్మ బియ్యం డబ్బాలోంచి చిన్న డ్రైవ్ తీసింది.

"పిలగాడు దీనికి వాళ్ల నాయన పేరుతోని తాళమేసిండు బిడ్డా. ఇంగ్లీషుల కొట్టాల్నట. మూడుసార్లు తప్పు కొడితే అంత సాఫ్ అయితదట."

"ఏం పేరమ్మా?"

"పెనిమిటి పేరు నోటితోని ఎట్లంట? రాసిస్త."

రోజూ తెలుగు బైబిలు చదివే మనిషి. గుండ్రని తెలుగు అక్షరాల్లో చీటీ రాసిచ్చింది. మొగిలి దాన్ని చూసి తల గోక్కున్నాడు. అతనూ మరాఠీ బడి సరుకే. తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవమంటే మాత్రం నీళ్లు నములుతాడు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి చీటీ జేబులో పెట్టుకున్నాడు.

"ప్రేమ్ గూడ నా బిడ్డ లెక్కనే," అంది సరోజమ్మ. "గీ సినిమా ఆడకపోతే వాడు ఉత్తగ సచ్చినట్టే."

 మొగిలి దండం పెట్టి లారీ ఎక్కాడు.

మూడూ యాభైకి చంద్రాపూర్ జట్‌పురా గేటు దగ్గర సేఫ్ హౌస్ మేడమీది గది తలుపు తట్టాడు.

"గడ్‌చాందూర్ బస్సు పోయిందా?"

"పోయింది. దుమ్మే మిగిలింది."

కోడ్ సరిపోయింది. తలుపు తీసిన దివ్యను చూసి మొగిలి ఒక్క క్షణం మిషన్ మరిచాడు. నల్ల పట్టుచీర, ఎర్ర లిప్‌స్టిక్, గది నిండా సెంటు. ఆమె డ్రైవ్ కంప్యూటర్‌కి తగిలించింది. కమిటీతో లింకు అప్పటికే తెరిచి ఉంది. మొగిలి చీటీ అందించాడు. ఆమె ఒక్క చూపు చూసింది.

"జ్ఞానయ్య."

జి, ఎన్ లతో మొదలుపెట్టి టైప్ చేసింది. స్క్రీన్ మీద ఎర్ర గుర్తు. తప్పు. చివరి అక్షరాలు మార్చి మళ్లీ కొట్టింది. అదీ తప్పే. మిగిలింది ఒకే చాన్సు. టైము మూడూ యాభై ఆరు.

"గిప్పుడు చూడు," అంటూ మళ్లీ 'జి' నొక్కింది.

మొగిలి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మీరు రాజురా బళ్లె చదివిండ్రు కదా మేడం? జ్ఞానేశ్వర్ మహరాజ్ పేరు ఇంగ్లీషుల ఎట్ల రాస్తరు?"

"జి, ఎన్..."

"స్టాన్లీ లెక్క మా దిక్కు మరాఠీ చదివిన పోరలు డి, ఎన్, వై అని రాస్తరు."

జ్ఞ అక్షరాన్ని మరాఠీలో 'ద్న్య' అని పలుకుతారు. చంద్రాపూర్ జిల్లాలో రెండో క్లాసు పిల్లాడికైనా అది తెలుసు. పైగా తను కూడబలుక్కోలేని తెలుగు ఈమె టీవీ యాంకర్‌లా చదివేసింది!

ఆమె రెండో చేతిలో లిప్‌స్టిక్ మెరిసింది. దానికి ట్రిగ్గర్ ఉంది. యాస కూడా మారిపోయింది.

"కదలకు. ఓడలో ప్రేమ్, స్టాన్లీలకి సాయపడిన మా గ్రే ఫిన్ మనిషెవడో ఆ ఫిల్ములో చూడాలి. తర్వాత అంతా తుడిచేస్తాను."

మొగిలి చేతులెత్తాడు. ఎడమ చేతిలో ఖర్రా పొట్లం ఉంది. సగం ఊరు నమిలే పొగాకు, వక్కల పొట్లం. ఆమె పట్టించుకోలేదు. హెడ్ ఆఫీసు సైంటిస్టులు దాన్ని కారప్పొడి గ్యాసుతో నింపారని ఆమెకేం తెలుసు? గట్టిగా నలిపాడు. గది ఎర్రబడింది. గుండు సీలింగ్‌కి తగిలింది. దగ్గుతూనే సంకెళ్లు వేశాడు.

మూడూ యాభై తొమ్మిది. కళ్లు మండుతున్నాయి. తప్పు కొడితే ప్రేమ్ ఇంకోసారి చచ్చిపోతాడు. మరాఠీ బళ్లో నేర్చిన పద్ధతిలో డి, ఎన్, వై... ఒక్కో అక్షరం గట్టిగా చదువుకుంటూ కొట్టాడు. ఎంటర్ నొక్కాడు.

తాళం తెరుచుకుంది.

ఎర్రటి సముద్రం, వలలో గిలగిలలాడే తల్లీ పిల్లా డాల్ఫిన్లు, వెనుక నుంచి ప్రేమ్ గొంతు. లింకులో కమిటీ సభ్యులు ఒక్కరూ కదల్లేదు. ఒకామె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మొగిలి ఏడ్చాడు, కారం మీద నెపం పెట్టకుండానే ఏడ్చాడు. ఐదింటికల్లా గ్రే ఫిన్ లైసెన్సు రద్దయింది.

జీపు ఎక్కిస్తుంటే దివ్య ఆగింది. "మీ యాస నేర్చి, రాజురా పిల్లనని నమ్మించి మీ ఆఫీసులో చేరడానికి రెండేళ్లు పట్టింది. ఏ తప్పు చేశాను?"

"తప్పేం లేదు మేడం," అన్నాడు మొగిలి. "తెలుగు మంచిగ చదువుకున్నరు. మా దిక్కు గదే అనుమానం."