తల్లి పేరు: రిజాల్

"అమ్మా, శుభాకాంక్షలు! మీకు ఇరవయ్యో వారం. బిడ్డ అరటిపండంత ఉంది."

రిజాల్ ఫోన్ గట్టిగా అనేసరికి నిదార్ చేతిలోని చిల్లుల గరిటె మూకుట్లో పడింది. పారియామన్ తీరంలో ఆమె బియ్యప్పిండితో సాలా ఉండలు వేయించి అమ్ముతుంది.

"ఎవరా అమ్మ, అజో?" తనకన్నా పెద్దవాడని రిజాల్‌ని ఆమె అలాగే పిలుస్తుంది.

"నేనే."

"ఓహో! పొట్ట కనపడదే!" బిడ్డ మాట వినేసరికి ఆమె కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

వాన మొదలైంది. ఇద్దరూ టార్పాలిన్ కిందికి దూరారు, మధ్యలో మూరెడు కోపం.

పారియామన్‌లో పిల్ల తరఫువాళ్ళే తమలపాకులతో వెళ్ళి పిల్లాణ్ణి పెళ్ళికి అడగాలి. ఇద్దరూ ఇష్టపడి రెండేళ్ళయినా నిదార్ తన మేనమామను పంపలేదు. అక్క ఎలీ కాన్పప్పుడు తొమ్మిది గంటలు తలుపు బయట కూర్చుని కేకలు వింది. తల్లీబిడ్డా క్షేమమే. అయినా ఆ గది తలచుకుంటే ఆమెకు పెళ్ళంటేనే భయం. ఇక్కడ చూస్తే శుక్రవారం ఇంకొకళ్ళు రిజాల్‌ని అడగడానికి వస్తున్నారు.

"నాలుగేళ్ళుగా అంబులెన్సు తోలుతున్నా. కాన్పుకొచ్చేవాళ్ళని తలుపు దాకా దింపడమే నా పని," అన్నాడు రిజాల్. "లోపలి సంగతి తెలీకుండా నీకు ధైర్యమెలా చెప్పను? నర్సమ్మ గర్భిణులకుండే ఈ యాప్ చెప్పింది. తల్లి పేరు అడిగితే నాది రాశా. కాన్పు తేదీకి నీ పుట్టినరోజు వేశా."

నిదార్‌కి నవ్వొచ్చింది. బిగబట్టుకుంది. "ఇటివ్వు."

నాలుగో పాఠంలో ఒక మంత్రసాని చెబుతోంది: నొప్పి వస్తుంది, పోతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, అప్పుడు ఊపిరి ఇలా తీసుకోవాలి.

"మధ్యలో విశ్రాంతా? నాకు వినపడలేదే!"

"తలుపు బయటికి కేకలే కదా వినిపించేది."

"భయం పోలేదు అజో."

"పోకపోతే పోనీ. ఇంకా పదహారు పాఠాలున్నాయి."

ఫోన్ ఆమె తిరిగివ్వలేదు. మూడు రోజులు పిండి చేతులతోనే పాఠాలన్నీ చూసింది. ఆఖరున అక్కనే పట్టుకుంది. "నొప్పుల మధ్యలో ఏం చేశావే?"

"కునుకు తీశా. లేచి మీ బావని తిట్టా. మళ్ళీ కునుకు!"

నిదార్ అప్పటికప్పుడు మేనమామకు కబురు పెట్టింది.

గురువారం మధ్యాహ్నం ఆయన తమలపాకుల పెట్టెతో రిజాల్ ఇంటికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయిది ఒకటే షరతు. కాన్పప్పుడు అబ్బాయి తలుపు బయట కాదు, లోపల పక్కనే ఉండాలి."

రిజాల్ తల్లి బుగ్గలు నొక్కుకుంది. "పెళ్ళే కాలేదు, అప్పుడే కాన్పా!"

"ఉంటాను మామయ్యా," అన్నాడు రిజాల్.

నిదార్ పంపిన రిజాల్ ఫోన్ ఆయన తీసి ఇచ్చాడు. తల్లి పేరు దగ్గర ఇప్పుడు నిదార్ అనుంది. తోడు ఎవరన్న చోట, అజో రిజాల్. ఇంతలో ఫోన్ అందరి ముందూ పలికింది: "అమ్మా నిదార్, మీరు కాన్పు తేదీ ఇంకా చెప్పలేదు."

రిజాల్ తల్లి ఒక తమలపాకు అందుకుంది. "రేపొచ్చేవాళ్ళని రావద్దని చెప్పరా," అంది. "ముందు పెళ్ళి తేదీ చూద్దాం. ఆ తేదీ వాళ్ళిద్దరూ చూసుకుంటారు."