తోరణం ఉన్నంత వరకు

1979 ఉగాది నాడు పొద్దున ఆరు గంటలకు నగరిలో నేతపని చేసే కోదండం ఇంటి గుమ్మానికి అతని భార్య రంగనాయకమ్మ మామిడాకుల తోరణం కట్టింది. అంతకు నాలుగు నెలల ముందు వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు దామోదరం ఏట్లో కొట్టుకుపోయాడు. చావు జరిగిన ఇంటికి ఏడాది దాకా తోరణం కట్టరు.

శవం దొరకలేదు. తుపాను వానల్లో చీరల మూటలతో అతను ఎక్కిన లారీ ఏరు దాటుతూ బోల్తాపడింది. డ్రైవరు మర్నాడు దొరికాడు. దామోదరం కోసం నాలుగు రోజులు వెతికి పోలీసులు మానుకున్నారు. "దొరకనోడు సచ్చినట్టు ఎట్లా అవుతాడు?" అంది రంగనాయకమ్మ. అప్పటి నుంచి ఆ గుమ్మం బోసిగా లేదు. సంక్రాంతికి వరి ఎన్నులు జడలా అల్లి వేలాడదీసింది. శివరాత్రికి మారేడాకులు గుచ్చింది. ఆకులు మునిరామయ్య తోటలో ఊరికే దొరికేవి. దారానికి మగ్గం దగ్గర మిగిలిన నూలు, ఆకు మడిచి గుచ్చడానికి చీపురు పుల్లలు. పైసా ఖర్చు లేదు.

ఆ పొద్దున కోడలు సుబ్బులమ్మ ఆకులు తుడిచి అందిస్తుంటే అత్త గుచ్చింది. కోదండం మగ్గం గుంటలో కూర్చుని చూశాడు.

"వేపపూత కూడా కట్టు అత్తా. పోయినేడు కట్టలేదని ఆయన ఎంత రగడ చేసినాడో."

"నా కొడుకు రగడ చెయ్యనిది ఎప్పుడులే. పచ్చట్లో బెల్లం తక్కువైందని కూడా చేసినాడు."

సుబ్బులమ్మ నవ్వింది. "ఆయన వచ్చేలోగా ఇవి వాడిపోతే?"

"వాడిపోతే కొత్తవి కడదాం పాపా."

ఎనిమిది గంటలకు కోదండం అన్న చెంగల్రాయుడు వచ్చాడు. వీధిలోనే నిలబడి గుమ్మం వైపు చూశాడు.

"ఏమప్పా, మీ ఇంట్లో పండగా?"

"రా అన్నా, కూర్చో."

"కూర్చోను. మనోళ్ళు నవ్వతా ఉండారు. శవం లేకపోతే దర్భలతో బొమ్మ చేసి కాల్చమని చెప్పి రెండు నెలలాయె. నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా? వాడు నా తమ్ముని కొడుకప్పా. నీళ్ళు వదిలే దిక్కు లేకుండా తిరగల్నా?"

అన్న వెళ్ళిపోయాడు. కోదండం గుంటలోంచి లేచి వచ్చి తోరణం పట్టుకుని లాగాడు. నూలు తెగింది. ఆకులు గడప మీద పడ్డాయి.

"అమ్మణ్ణీ, నువ్వు లోపలికి పో," అన్నాడు కోడలితో. ఆమె కదలలేదు.

రంగనాయకమ్మ వంగి ఆకులు ఏరసాగింది.

"యిడిసిపెట్టు వాటిని," అన్నాడు కోదండం. "నీకు పట్టిన పిచ్చి ఆ బిడ్డకూ పట్టిస్తా ఉండావు. కండ్లకు కనిపించేదాకా నీకు వాడు సావలేదు, అంతేనా?"

"కనిపించినాడు."

ఆకులు ఏరుతూనే అంది. తర్వాత ఏరడం మానేసింది.

"ఏమంటివి?"

"శివరాత్రికి ముందర ఆవులు మేపే మునెయ్య వచ్చి పిలిస్తే పోయినాను. ఏటికి దిగువన, తుమ్మచెట్ల కింద ఉండాడు. ఎముకలే. మొలతాడుకు నేను కట్టిన తాయెత్తు ఉండాది. మునెయ్య గుంత తీసినాడు. నేనే పూడ్చినాను."

శివరాత్రి నుంచి ఆమె ఒక్కపూటే తింటోంది. కొడుకు రావాలని మొక్కుకుందేమో అనుకున్నాడు కోదండం అన్నాళ్ళూ.

"నా కొడుక్కి నన్ను నిప్పు పెట్టనీకుండా చేసినావా? నాకు చెప్పలేదే!"

"చెప్తే నిప్పు పెడతావు. పదో దినం మీ వదిన వచ్చి ఈ పాప గాజులు పగలగొడతాది. ఇరవై యేండ్లు నిండలేదు దీనికి. తోరణం ఉన్నంత వరకు దీని జోలికి ఎవురూ రారు. సచ్చినోడు కాచుకుంటాడులే అనుకున్నాను. ఏం చెయ్యమంటావు నన్ను?"

ఇద్దరూ ఒకేసారి సుబ్బులమ్మ వైపు చూశారు.

"అయితే ఆయన వస్తాడని కాదా అత్తా, నువ్వు కట్టింది?"

"నీ కోసమే పాపా."

"నేనడిగినానా?" అంది సుబ్బులమ్మ. గొంతు పెంచలేదు. "రోజూ ఆయన వంతుకు కూడా బియ్యం పోసి వండుతా ఉండానే. పక్కనే కూర్చుని సూస్తా ఉంటివే. ఒక్క దినమన్నా చెయ్యి పట్టుకోవాలనిపించలేదా నీకు?"

రంగనాయకమ్మ దగ్గరికి రాబోయింది. సుబ్బులమ్మ వెనక్కి జరిగింది.

"యాడ పూడ్చినారో చూపీ."

మధ్యాహ్నం ముగ్గురూ ఏటికి నడిచారు. మునెయ్య చోటు చూపించి ఎముకలు పైకి తీశాడు. కబురు అంది చెంగల్రాయుడు కట్టెలతో వచ్చాడు. పొద్దు వాలేముందు కోదండం నిప్పు పెట్టాడు. ఆడవాళ్ళు అక్కడ ఉండకూడదని అన్న చెప్పినా సుబ్బులమ్మ కదల్లేదు. మంట ఆరేదాకా ఇసుకలో కూర్చుంది. రంగనాయకమ్మ పది అడుగుల దూరంలో కూర్చుంది.

పదో రోజు పొద్దున చెంగల్రాయుడి భార్య నాగరత్నమ్మ మొగుడు పోయిన ఆడవాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. కోదండం గడప మీద అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

"జరుగు మరిదీ. పొద్దు పోతా ఉండాది."

"జరగను వదినా."

"ఏందిది? మన ఇండ్లల్లో ఆనవాయితీ తెలీదా నీకు?"

"తెలుసు."

"మొగుడు పోయినోళ్ళకి అందరికీ చేసిందే గదా. నేనేమన్నా కొత్తగా తెచ్చినానా?"

"లేదు వదినా. నువ్వు మంచిదానివే. ఇంటికి పో."

"మీ అన్న మీ గడప తొక్కడు, సూసుకో."

"తొక్కొద్దని చెప్పు."

ఆడవాళ్ళు వీధిలో ఎండలో నిలబడ్డారు. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. చెంగల్రాయుడు ఒకసారి వచ్చి అరిచి వెళ్ళాడు. కోదండం లేవలేదు. మధ్యాహ్నం దాటాక నాగరత్నమ్మ కొంగు విదిలించుకుని వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ ఆమె వెనక నడిచారు.

సుబ్బులమ్మ లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి మామకు ఇచ్చింది. ఆమె చేతులకు గాజులు ఉన్నాయి. అత్తతో ఆ రోజూ మాట్లాడలేదు.