పదకొండో పేజీ, నాలుగో మలుపు

చీఫ్ బల్ల మీదికి విసిరిన చిన్న పుస్తకాన్ని చూడగానే ఏజెంట్ బాటసారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అది అతను రాసిందే.

"మూడో నంబరు నడక," అన్నాడు చీఫ్. "పాత వీధులు, రాణిగారి తోట, నది ఒడ్డు. పొరుగుదేశం నుంచి వచ్చిన అతిథి రేపు పొద్దున ఆరున్నరకి ఈ దారిలోనే నడుస్తాడట. కార్లో తిప్పుతామంటే ససేమిరా అన్నాడు."

"ముఠాకి తెలిసిపోయిందా సర్?"

"మనకంటే ముందే. ఎల్లుండి ఆయన ఒప్పందం మీద సంతకం పెడితే సరిహద్దులో యుద్ధం ఉండదు. యుద్ధం లేకపోతే ఆయుధాలమ్మే ఆ ముఠా నోట్లో మట్టే. అందుకని ఆయన ఎల్లుండిదాకా బతక్కూడదు. నువ్వు గైడువి. పక్కనే ఉంటావు."

"ముఠా లోపల మనవాళ్ళెవరు?"

"కోయిల."

డిపార్ట్‌మెంటులో కోయిల పేరు వింటే కుర్ర ఆఫీసర్లు టై సరిచేసుకుంటారు. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, ముఠా నాయకుడంతటివాణ్ణి వేలికి చుట్టుకున్న నవ్వు. మనకి పనిచేస్తూనే వాళ్ళ మనిషిలా నటించే డబుల్ ఏజెంట్. బాటసారికి తెలిసిన కోయిల మాత్రం వేరు. చిన్నప్పుడు ఎక్కాలు తప్పు చెబితే అతని చెవి మెలిపెట్టిన సొంత అక్క ఆవిడ.

చీఫ్ ఇంకా ఏదో చెబుతున్నాడు. బాటసారి కళ్ళు మాత్రం పుస్తకం అట్ట మీదే ఉన్నాయి. లోపల పదకొండో పేజీలో ఏముందో అతనికి చూడకుండానే తెలుసు.

బయటి ప్రపంచానికి అతను టూరిస్టు ఆఫీసులో నడక దారులు రాసే గుమాస్తా. ఎక్కడ మలుపు తిరగాలో, ఎన్ని అడుగులు వెయ్యాలో చెప్పే పాకెట్ పుస్తకాలు, మొత్తం ఇరవై రెండు. లోపలి సంగతేమిటంటే ఆ ఇరవై రెండూ ఏజెంట్లు తప్పించుకునే దారులు కూడా. "ఏడు" అని కబురొస్తే ఏడో నంబరు దారి పట్టి పారిపోవాలి. అందుకే ఏజెంట్లందరూ వాటిని కంఠతా పడతారు.

ఆ పనికి ఒక నియమం ఉంది. రాసినవాడు కాక ఇంకొకడు కాగితం చేత్తో పట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు నడిచి చూడాలి. అప్పుడే అచ్చుకి పంపాలి. మూడో నంబరు రాసిన వారం ఒకటే వాన. బాటసారి ఆ దారిని ఒక్కసారే, అదీ నది వైపు నుంచి ఊళ్ళోకి, తిరగేసి నడిచాడు. తర్వాత ఆఫీసులో వేడి వేడి కాఫీ తాగుతూ ఊళ్ళోంచి నదికి వెళ్ళేలా మలుపులన్నీ తిప్పి రాశాడు. ఒక్క మలుపు తిప్పడం మరిచిపోయాడు. పైగా "నడిచి చూశాం" అన్న చోట తనే సంతకం గీకేశాడు.

మూడేళ్ళ క్రితం అక్క మొగుడు, ఏజెంటు కూడా అయిన బావ, వెనక ముఠా తరుముతుంటే మూడో నంబరు దారి పట్టాడు. ఫౌంటెన్ దాటి పుస్తకంలో ఉన్నట్టే ఎడమకి తిరిగాడు. అక్కడ గేటు లేదు. గోడ ఉంది.

విచారణ అధికారిగా డిపార్ట్‌మెంటు పంపింది దారులు తెలిసిన మనిషినే, అంటే బాటసారినే. గోడ ముందు అరగంట నిలబడి, ఆఫీసుకొచ్చి, "కంగారులో ఏజెంటు దారి తప్పాడు" అని రాశాడు. తర్వాత రెండు ముద్రణలు వచ్చాయి. తప్పు దిద్దితే ఎందుకు దిద్దావని ఎవరైనా అడుగుతారేమోనని ఆ ముక్క జోలికే పోలేదు.

"మీ బావ నిబ్బరం నాకు తెలుసురా," అంది అక్క అప్పట్లో. "ఆయన కంగారుపడ్డాడంటే నేను చచ్చినా నమ్మను. అసలేం జరిగిందో ఆ ముఠాలోకే వెళ్ళి తెలుసుకుంటా." అతను తలూపి, ఆవిడ పెట్టిన భోజనం తినేసి వచ్చాడు.

మర్నాడు ఆరున్నరకి గడియార స్తంభం దగ్గర నడక మొదలైంది. బాటసారికి అంటించిన మీసం, బట్ట టోపీ, చేతికర్ర. కర్ర పిడిలో మైకు. చెవిలో వినికిడి మిషన్ లాంటి రిసీవర్. అతిథి తెల్ల గడ్డం పెద్దమనిషి. చేతిలో పుస్తకం, ముఖంలో బడికి మొదటిరోజు వెళ్ళే పిల్లాడి హుషారు.

"గైడుగారూ, ఈ రాళ్ళు ఇంత నున్నగా ఎందుకున్నాయి?"

"నాలుగొందల ఏళ్ళు బళ్ళు తిరిగాయండీ. ఇదిగో, చక్రాల గాడి."

వెనక ఇరవై అడుగుల దూరంలో కెమెరాలు మెళ్ళో వేసుకున్న ఇద్దరు టూరిస్టులు నడుస్తున్నారు. మొదట్నించీ ఒక్క ఫొటో తియ్యలేదు. చీఫ్ గొంతు చెవిలో పలికింది.

"ఆ ఇద్దరూ ముఠావాళ్ళే. కోట్ల కింద తుపాకులు. నడక ఆగినా, దారి మారినా కాల్చేస్తారు. ఇరుకు వీధిలో మనవాళ్ళు ముట్టుకోలేరు. తోటలోకి రానీ."

పాత వీధులైపోయి తోట గేటు వచ్చింది. కత్తిరించిన పొదలు రెండు నిలువుల ఎత్తున గోడల్లా ఉన్నాయి. ఏడయింది. అప్పుడు రిసీవర్‌లో ఆయాసపడుతూ ఒక ఆడగొంతు వినిపించింది.

"వాన పడేలా ఉంది."

"గొడుగు ఇంట్లోనే ఉంది," అన్నాడు చీఫ్. కోడ్ కుదిరింది. "చెప్పు కోయిలా."

"మాయమాటలు చెప్పి వాళ్ళ దగ్గర్నుంచి బయటపడ్డాను. బాంబు పెట్టేశారు. వాళ్ళ మెసేజ్ ఇది: పదకొండో పేజీ, నాలుగో మలుపు, ఏడూ పది. నేను తోటలోనే ఉన్నా. పుస్తకం లేదు. దారులు కంఠతా వచ్చుగానీ పేజీల లెక్క గుర్తులేదు. ఏముందా పేజీలో?"

చీఫ్ పేజీలు తిరగేసిన చప్పుడు. "ఫౌంటెన్ దాటగానే ఎడమకు తిరగండి. పొద వెంట పాతిక అడుగులు వేస్తే పాత ఇనుప గేటు. బాంబు గేటు దగ్గరన్నమాట. ఎడమకి వెళ్ళు. బాంబు స్క్వాడ్‌కి పన్నెండు నిమిషాలు పడుతుంది. నీకున్నవి తొమ్మిది."

ముఠావాళ్ళు చోటు చూసుకునే బాంబు పెట్టి ఉంటారు. వాళ్ళకి పుస్తకం గుర్తు చెప్పుకోడానికే. గేటు ఉన్నది కుడివైపు.

చెప్పాలి. ఒక్క మాట. ఆ మాట చెబితే మూడేళ్ళుగా దాచినదంతా బయటికి వస్తుంది. తనే చూసుకుంటుందిలే, గోడ కనిపిస్తే అటూ ఇటూ వెతుకుతుందిలే అనుకున్నాడు. ఎంత సిగ్గుమాలినవాణ్ణి అనుకుంటూనే నోరు మూసుకుని నడిచాడు. అలా రెండు నిమిషాలు గడిచిపోయాయి.

"సర్," అంది కోయిల. "ఇక్కడ గేటు లేదు."

"పొదలో చూడు."

"చూశాను. మట్టి తవ్వాను. స్కానర్ పలకడం లేదు. ఉత్త గోడ." గోడను తడిమిన చప్పుడు. "గోడకి తూటా దెబ్బలున్నాయి. మూడు." గొంతు మారిపోయింది. మూడేళ్ళలో ఆ తోట వైపు తొంగి చూడని మనిషి ఆవిడ. "సర్, మా ఆయన పడిపోయింది ఇక్కడేనా?"

అతిథి ఫౌంటెన్ వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అడుగుతున్నాడు. వాచీలో ఏడూ నాలుగు. బాటసారి చేతికర్రను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"అక్కా. ఎడమ కాదు. కుడి."

"పుస్తకంలో ఎడమని ఉందిగా?"

"పుస్తకం తప్పు."

"ఎప్పట్నించి తప్పు?"

"మొదట్నించీ."

రిసీవర్‌లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆమె ఏడుస్తోందో, ఒట్టి గోడను చూస్తూ నిలబడిపోయిందో అతనికి తెలియదు. నిలబడిపోతే మాత్రం ఆ పాపం కూడా తన ఖాతాలోదే.

తర్వాత గులకరాళ్ళ మీద పరిగెత్తే అడుగుల చప్పుడు వినిపించింది.

"గేటు దొరికింది," అంది. ఆ గొంతులో తడి లేదు. "కింది బందు వెనకాల పెట్టె. టైమర్, మూడు తీగలు."

"పద్ధతి ప్రకారం మొదట..." అన్నాడు చీఫ్.

"వాళ్ళ పద్ధతి నాకు తెలుసు సర్. రెండేళ్ళు వాళ్ళకి టీలు పోసి నేర్చుకున్నా."

ఈపాటికి తలలోంచి హెయిర్‌పిన్ తీసి ఉంటుందని బాటసారికి తెలుసు. పిన్ను కొసన చిన్న కత్తెర. రిసీవర్‌లో మొదటి తీగ తెగిన చప్పుడు వినిపించింది. రెండోది తెగింది. అతిథి ఫౌంటెన్ దాటి, పుస్తకం చూసుకుని ఎడమకి తిరగబోయాడు. బాటసారి ఆయన మోచేయి పట్టుకుని కుడికి తిప్పాడు. వెనకున్న ఇద్దరూ తృప్తిగా తలలూపుకున్నారు. గేటు కుడివైపే ఉందని వాళ్ళకి తెలుసు.

పాతిక అడుగులు. ఇరవై. పన్నెండు. గేటు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న అక్క కనిపించింది. పట్టు స్కార్ఫుకి మట్టి. వాచీ ఏడూ పది చూపించింది. మూడో తీగ చిన్నగా "టిక్" మని తెగింది. అంతే.

"ఒక సెకను మిగిలింది," అంది ఆవిడ ఎవరికో చెబుతున్నట్టు.

బాంబు పేలక, ఆమె అక్కడ కనిపించేసరికి వెనకవాళ్ళ చేతులు కోట్లలోకి వెళ్ళాయి. అవి బయటికి వచ్చేలోపే పొదల్లోంచి నలుగురు తోటమాలులు దూకారు. డిపార్ట్‌మెంటు తోటమాలులు కాబట్టి కత్తెరలు కాక పిస్తోళ్ళు పట్టుకున్నారు. కెమెరాలు కింద పడి పగిలాయి.

అతిథి వెనక్కి చూసి, ముందుకి చూసి, పుస్తకంలోకి చూశాడు. "గైడుగారూ, ఇందులో ఎడమని ఉందే?"

అచ్చుతప్పండీ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అక్క నల్ల కళ్ళద్దాలు తీసి చూస్తోంది.

"తప్పు నాదండీ," అన్నాడు బాటసారి. "నడిచి చూడకుండా రాశాను."

అతిథిని రక్షణతో నది ఒడ్డుకి పంపేశాక ఇద్దరే మిగిలారు. చెట్ల మీదుగా నది నీళ్ళ వాసన వస్తోంది.

"ఆయన కంగారుపడలేదు," అంది.

"లేదక్కా."

"నువ్వు చెప్పిన దారే పట్టాడు."

"అవునక్కా."

ఆమె చెవి మెలిపెడితే బాగుండునని అతనికి అనిపించింది. మెలిపెట్టలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి, మూత తిప్పి, లోపలున్న పెన్నూ ఒక కాగితమూ అతని చేతికిచ్చింది.

"ఆయన ఫైల్లో ఏం రాయాలో ఇక్కడే రాయి. నేను చూస్తుండగా."

రాశాడు. అక్షరాలు కుదురుగానే వచ్చాయి. చదువుకుని, మడిచి, బ్యాగులో పెట్టుకుంది. క్షమించానని అనలేదు. అనే ఉద్దేశం ఉన్నట్టూ కనిపించలేదు.

మర్నాడు సంతకాలయ్యాయి. బాటసారికి రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో పతకం, ఇంకోదాంట్లో ఆర్నెల్ల సస్పెన్షన్. ఆ ఆర్నెల్లలో ఇరవై రెండు దారులూ మళ్ళీ నడిచి చూడాలని షరతు. కాగితం పట్టుకుని వెనక నడిచే మనిషిని డిపార్ట్‌మెంటే ఎంచింది. ఆవిడ తనంతట తనే అడిగిందని ఆఫీసులో చెప్పుకున్నారు.

మూడో వారంలో చీఫ్ ఫోన్ చేశాడు. "ఎందాకా వచ్చిందోయ్ పని?"

బాటసారి ఎడమవైపు గోడకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు.

"మూడో నంబరు దగ్గరే ఉన్నాం సర్," అన్నాడు. "అక్క పాత పుస్తకమే చదివి నడిపిస్తోంది."